గీత దాటినవాణ్ణి కూర్చోబెట్టకండి

మొన్న మారథాన్ జరిగిన ఆదివారం పొద్దున మాదాపూర్‌లో, పరుగు ముగిసే గీతకు కాస్త అవతల, ఒక కుర్రవాడు మెడలో పతకంతో డివైడర్‌కు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. తల ఒక పక్కకు వాలింది. అతని ముందు నుంచే జనం అరటిపండ్లు తింటూ, ఫొటోలు దిగుతూ వెళ్తున్నారు. ఈ వయసులో ఎలా వంగానో తెలియదు, అతని భుజాలు పట్టుకుని ఊపేశాను.

"బాబూ! పేరేంది నీది? పేరు చెప్పు!"

అతను ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "కార్తీక్, అంకుల్. ఏమైంది?"

ఏమీ కాలేదు. అలసిపోయి కునుకు తీస్తున్నాడు. నీళ్లందిస్తున్న వాలంటీరు అమ్మాయి పరుగెత్తుకొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "ఆయన రెస్ట్ తీసుకుంటున్నారంతే తాతగారూ. మీరెందుకండీ అంత టెన్షన్ పడుతున్నారు?" అంది.

ఆమెకు అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. నల్లగండ్లలోని మా ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. అందుకే రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసం, ఆమెలాగే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం.

పని అంటే ఇది

నేను బడిలో డ్రిల్ మాస్టర్‌ని. జీతం బడి ఇచ్చింది కానీ, నా మనసు పెట్టి చేసిన పని రోడ్డు మీద జరిగింది. రోడ్డు పరుగులు, రిలే పరుగులు నడిపించడం. దారి చూడటం, మలుపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టడం, బేటన్ చేతులు మారే చోట సున్నం గీతలు వేయడం, చివరివాడు వచ్చేదాకా ఎండలో ఉండటం. బదిలీలూ ప్రమోషన్లూ ఇక్కడ చెప్పను. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

కొత్తగా వచ్చేవాళ్లు పరుగు పందెం నడపడమంటే తుపాకీ పేల్చడం, గెలిచినవాడికి దండ వేయడం అనుకుంటారు. ఆ రెండూ ఎవరైనా చేస్తారు. మన పని ఆరోగ్యంగా ఇంటి నుంచి వచ్చినవాణ్ణి అలాగే ఇంటికి పంపడం. ఈ ఒక్క మాట నాకు తెలియడానికి ఒక ఉదయం పట్టింది. ఆ ఉదయం చూసినదాన్ని ఇన్నేళ్ల తర్వాత కూడా నా మనసు పూర్తిగా నమ్మదు.

కెప్టెన్ సాబ్

పందొమ్మిది వందల నలభైల చివరి రోజులు. పోలీసు చర్య అయిపోయి ఊళ్లు మెల్లగా కుదుటపడుతున్నాయి. నాకు కొత్తగా ఉద్యోగమొచ్చింది. మా పందేలకు పెద్ద, కెప్టెన్ సాబ్. నిజాం ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషి, శేరిలింగంపల్లి దగ్గర పాత కుటుంబం వాళ్లది. ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు, నేనూ అంతే. పాలిష్ చేసిన బూట్లు, ఇస్త్రీ మడత చెదరని ఖాకీ నిక్కరు. గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేది.

ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే జరిగింది విన్నాక మీరు ఆయన్ని దుర్మార్గుడనుకునే ప్రమాదం ఉంది. కులం అడగకుండా, జేబు చూడకుండా, పరుగెత్తగలిగిన ప్రతివాణ్ణీ జట్టులో పెట్టినవాడు ఆయన. మిల్లు కూలీ, కాలేజీ విద్యార్థి, రాళ్లు కొట్టేవాడు ఒకే గీత మీద నిలబడటం నేను మొదటిసారి ఆయన పందెంలోనే చూశాను.

కానీ ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. పరుగు మధ్యలో నీళ్లు తాగకూడదని. ఆ రోజుల్లో అది ఆయన ఒక్కడి నమ్మకం కాదు, పెద్ద పెద్ద ఆటగాళ్లే అలా చెప్పేవారు.

"నీళ్లు తాగినోడు ఉరుకడు, మాస్టర్. కడుపుల గుంజుతది, కాళ్లు బరువైతయి. ఫౌజుల మేం తాగినమా? నోరు పుక్కిలించి ఊంచమను, బస్."

నేను తల ఊపాను. ఆయన చెప్పినదాన్ని కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అతిథి కోసం ఆగిన ఉదయం

ఆ పందెం రిలే. లింగంపల్లి స్టేషను దగ్గర మొదలై, కొండాపూర్ మీదుగా మాదాపూర్, అక్కణ్ణుంచి బోరబండ మైదానం. ఇప్పుడు అద్దాల భవనాలున్న చోట అప్పుడు బండలూ, సీతాఫలం పొదలూ, ఎడ్లబండ్ల బాట. జట్టుకు ముగ్గురు. ఒకడు స్టేషను నుంచి కొండాపూర్ దాకా, రెండోవాడు మాదాపూర్ దాకా, మూడోవాడు బోరబండ దాకా. చేతిలో గుండ్రటి కట్టె, అదే బేటన్. మాదాపూర్‌లో ఆ కట్టె చేతులు మారే చోట అధికారిని నేను.

హోలీ అయిపోయింది. ఎండలు ముదురుతున్నాయి. చల్లపొద్దునే మొదలుపెట్టాలని అనుకున్నాం. కానీ జెండా ఊపడానికి ఒక పెద్ద అధికారి రావాలి. ఆయన ఎంతకీ రాలేదు. పరుగెత్తేవాళ్లు స్టేషను ముందు, కొండాపూర్‌లో, నా దగ్గర మాదాపూర్‌లో, అందరూ ఎండలో నిలబడ్డారు. ఉన్నీ నూలూ కలిసిన మందపాటి బనియన్లు, జట్టుకో రంగు. నిలబడి ఉండగానే అవి తడిసిపోయాయి.

అతిథి కోసం పరుగు ఆపకండి. మంత్రి అయినా, సినిమా తార అయినా సరే. ఆయన కారు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఆయనకు పోయేది ఏమీ లేదు. గీత మీద నిలబడ్డవాడి మీద మాత్రం సూర్యుడు ఎక్కుతూ ఉంటాడు. మీరు వాలంటీరు అయినా సరే, ఈ మాట పైవాళ్ల ముఖాన అనండి. నా పేరు చెప్పి అనండి.

చివరకు అతిథి వచ్చి జెండా ఊపాడని, పరుగు మొదలైందని కబురొచ్చింది. కాసేపటికి కెప్టెన్ సాబ్ జీపులో మాదాపూర్ చేరాడు. పక్కన డాక్టరు గారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన సన్నటి మనిషి, మా పందెం మొత్తానికీ ఆయన ఒక్కరే డాక్టరు, ఆ జీపు ఒక్కటే బండి.

నా గీత పక్కన ఒక ఆడమనిషి నీళ్ల కుండతో నిలబడి ఉంది. పేరు బాలమణి. రాళ్ల గని జట్టులో రెండోవాడైన సాయన్న భార్య. మొగుడు ఇక్కడికే వచ్చి కట్టె అందిస్తాడని పొద్దున్నుంచీ కాచుకుని ఉంది.

కెప్టెన్ సాబ్ జీపు దిగకుండానే అన్నాడు. "ఏందమ్మా అది? నీళ్లా? తీస్కపో, తీస్కపో. ఉరికేటోనికి నీళ్లియ్యొద్దు."

"ఎండ జూడున్రి సారూ. గొంతు తడుపుకుంటడు, గంతే."

"నీ మొగడు గెల్వాల్నా వద్దా?"

ఆమె కుండను బండ చాటుకు తీసుకెళ్లి దించి, దాని పక్కనే కూర్చుంది. జీపు బోరబండ వైపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. అతిథి బహుమతులివ్వడానికి ఊరి మీదుగా అక్కడికే వస్తున్నాడు, కెప్టెన్ సాబ్ ఎదురెళ్లాలి.

సాయన్న ఆగలేదు

ముందు నూలు మిల్లు జట్టు వచ్చింది. వాళ్ల మూడోవాడు సత్తయ్య, బోరబండ కుర్రవాడు. కట్టె అందుకుని బాణంలా దూసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి నవ్వాడు కూడా.

తర్వాత సాయన్న. దూరం నుంచే అతని పరుగు తేడాగా కనిపించింది. నిటారుగా పరుగెత్తే మనిషి, ఇప్పుడు బాటకు అటూ ఇటూ తూలుతున్నాడు. అతని చేతి కట్టె అందుకోవాల్సిన యాదగిరి గీత మీద చెయ్యి చాచి సిద్ధంగా ఉన్నాడు.

"ఇటు! ఇటు సాయన్నా! కట్టె ఇయ్యి!"

సాయన్న అతని పక్కనుంచే వెళ్లిపోయాడు. చూడలేదు. ఆగలేదు. బాట వదిలి, పొదల్లోంచి బండల వైపు పరుగెత్తాడు.

చుట్టూ ఉన్న జనం పగలబడి నవ్వారు. "అగ్గో, కట్టె ఇయ్యబుద్ధైతలేదు! ఆయినే బోరబండ దాంక ఉరుకుతడంట!" అని ఎవరో అరిచారు. యాదగిరి తిడుతూ వెంటబడ్డాడు. నాకు మాత్రం సాయన్న ముఖం ఒక్క క్షణం కనిపించింది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటి వెనుక మనిషి లేడు. నేనూ పరుగెత్తాను.

బండల దగ్గర అతన్ని పట్టుకున్నాం. నున్నటి బండ ఎక్కడానికి గోళ్లతో రక్కుతున్నాడు. యాదగిరి భుజం మీద చెయ్యి వేయగానే కట్టెతో అతని దవడ మీద కొట్టాడు. అంతటి నెమ్మదస్థుడు, ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, మా ఇద్దరినీ వినలేని తిట్లు తిట్టాడు. నేను అతని చెయ్యి పట్టుకుని అదిరిపడ్డాను. పొయ్యి మీది పెనం ముట్టినట్టుంది.

జనం చేరారు. "తాగిండు" అన్నాడొకడు. "కాదు, గాలి సోకింది. గీ బండల దగ్గర గిట్లనే అయితది" అన్నాడింకొకడు. ఎవరో వేపమండలు తెమ్మన్నారు.

బాలమణి వాళ్లను తోసుకుంటూ వచ్చింది. ఒక్కసారి మొగుడి ముఖం చూసింది. చంకలోని కుండ ఎత్తి మొత్తం అతని నెత్తి మీద కుమ్మరించింది.

"సూసుకుంట నిలబడ్డరేంది? బాయి కాడికి పోయి నీళ్లు దెండ్రి!" అని అరిచింది. ఆ అరుపుకు నవ్వినవాళ్లే బిందెలు పట్టుకుని పరుగెత్తారు. నేను ఆ తడి బనియన్‌ను చింపేశాను. నలుగురం పట్టి బండ నీడలో పడుకోబెట్టాం. ఒకరు నీళ్లు పోస్తుంటే ఒకరు తువ్వాళ్లతో విసిరారు. సైకిలున్న ఒకతన్ని డాక్టరు కోసం బోరబండ పంపాను.

జీపు వచ్చేసరికి సాయన్న తన్నుకోవడం ఆగింది, మూలుగుతున్నాడు. కెప్టెన్ సాబ్ దూకి వచ్చాడు.

"అరే, నీళ్లు పొయ్యకున్రి! వేడి ఒంటి మీద సల్లనీళ్లా? పానం పోతది!"

డాక్టరు గారు మోకాళ్ల మీద కూర్చుని సాయన్న మెడ తాకి చూశారు. తల ఎత్తకుండానే అన్నారు. "పొయ్యండమ్మా. ఆపొద్దు."

"డాక్టర్ సాబ్..."

"కెప్టెన్ గారూ, మీరు కూడా ఒక బిందె పట్టుకోండి."

కెప్టెన్ సాబ్‌కు ఒకరు ఆజ్ఞ ఇవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆయన బిందె అందుకున్నాడు. ఇస్త్రీ నిక్కరుతో బురదలో నిలబడి నీళ్లు పోశాడు. జీపెక్కించి వెంటనే దవాఖానకు పోదామని నేనంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. "ముందు చల్లబడాలండి. ఈ వేడితో దారిలో పెడితే దారిలోనే పోతాడు" అన్నారు. మీరూ ఇదే గుర్తుంచుకోండి. ఎండదెబ్బ తగిలినవాడు కొడతాడు, తిడతాడు, తాగినవాడిలా తూలుతాడు. నవ్వకండి, అంబులెన్స్ కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడకండి. బట్టలు సడలించి, నీడలో పడుకోబెట్టి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోయండి. ఐసు ఉంటే అదీ వాడండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.

చాలాసేపటికి సాయన్న కళ్లు తిప్పి పెళ్లాన్ని చూశాడు.

"నన్ను గుర్తువడ్తున్నవా?" అంది బాలమణి.

"నువ్వే గదా" అన్నాడు. ఆ తర్వాత, "కట్టె ఇచ్చిన్నా?"

ఆమె అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

బోరబండ మైదానం

సాయన్నను జీపు వెనుక పడుకోబెట్టి, బాలమణినీ నన్నూ ఎక్కించుకుని బయల్దేరాం. దవాఖానకు దారి బోరబండ మీదుగానే. అందరం తేలికపడ్డాం. డాక్టరు గారు బాలమణితో ఏదో అని నవ్వించారు కూడా. కెప్టెన్ సాబ్ ఒక్కడే ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

మైదానం దగ్గరపడింది. అక్కడ బ్యాండు మేళం ఉండాలి, చప్పట్లు ఉండాలి. ఏమీ వినబడలేదు. అంతమంది జనం, ఒక్క చప్పుడు లేదు.

వేదిక మీద అధికారి కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేదిక కింద కుర్చీ. కుర్చీలో బంతిపూల దండతో సత్తయ్య. తల వెనక్కి వాలి, నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఒక చేతిలో ఎవరో పెట్టిన లడ్డూ అలాగే ఉంది.

డాక్టరు గారు జీపు ఆగకముందే దూకారు. ఛాతీకి చెవి ఆనించారు. కింద పడుకోబెట్టి ఆయనకు తెలిసిందంతా చేశారు. చాలాసేపటి తర్వాత లేచి, వేదిక వైపు కాకుండా, మా వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

ఏం జరిగిందో తర్వాత అక్కడున్నవాళ్లు చెప్పారు. సత్తయ్య అందరికన్నా ముందు గీత దాటాడు. దాటగానే భుజాల మీద ఎత్తుకున్నారు. దించగానే కుర్చీ వేసి కూర్చోబెట్టారు, దండ వేశారు. మాదాపూర్‌లో ఎవరికో గాలి సోకిందని సైకిలు మనిషి అప్పటికే వచ్చి, డాక్టరూ కెప్టెన్ సాబూ జీపులో వెళ్లిపోయి ఉన్నారు. అధికారి ఉపన్యాసం మొదలుపెట్టాడు. యువత గురించి, దేశం గురించి. అందరూ అటే చూశారు. సత్తయ్య కళ్లు మూసుకున్నాడు, అలసట అనుకున్నారు. ఉపన్యాసం అయ్యాక కప్పు అందుకోమని పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. "లేవరా, సిగ్గువడకు" అని పక్కవాళ్లు నవ్వారు. మూడోసారి పిలిచాక ఒకడు భుజం తట్టాడు. చెయ్యి జారి పక్కకు వేలాడింది.

నా ముందు నుంచి నవ్వుకుంటూ వెళ్లిన మనిషి. చావు అలా వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మాదాపూర్‌లో చావు అరిచింది, తన్నింది, తిట్టింది, అందుకని అందరం పరుగెత్తి పట్టుకున్నాం. ఇక్కడ అది దండ వేసుకుని, మైదానం నిండా జనం మధ్య, కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది.

జీపును ఎక్కువసేపు ఆపలేకపోయాం. వెనుక సాయన్న ఉన్నాడు. బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని, మొగుడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది, అటు చూడకుండా.

దర్జీ రాజయ్య అడిగింది

సాయంత్రం కెప్టెన్ సాబ్ నన్ను వెంట రమ్మన్నాడు. సత్తయ్య తండ్రి రాజయ్య దర్జీ. బోరబండలో ఒక్క గది ఇల్లు, గుమ్మంలో కుట్టు మిషను. శవాన్ని అప్పటికే ఇంటికి చేర్చారు. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. రాజయ్య మాత్రం బయట, మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని.

కెప్టెన్ సాబ్ టోపీ తీశాడు. దారి పొడవునా ఏదో గొణుక్కుంటూ వచ్చాడు, చెప్పాల్సిన మాటలు అనుకుంటాను.

"మీ కొడుకు గెలిచిండు" అన్నాడు చివరికి.

రాజయ్య తల ఊపాడు. అది అతనికి తెలుసు. "నాకొక్క మాట చెప్పున్రి సాబ్" అన్నాడు. "వాని పక్కన ఎవరున్నరు?"

"మైదానం నిండ జనం ఉండె."

"జనం కాదు సాబ్. వాని పక్కన. వాడు గిట్ల కండ్లు మూసినప్పుడు, ఏమైందిరా అని అడిగిందెవరు?"

నేను కెప్టెన్ సాబ్ వైపు చూశాను. అబద్ధం చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండుననీ అనుకున్నాను. డాక్టరు ఉన్నాడంటే ఆ ముసలాయన నమ్మేవాడు, కాస్త ఊరట పడేవాడు.

"ఎవ్వరు లేరు" అన్నాడు కెప్టెన్ సాబ్.

రాజయ్య తిట్టలేదు. లేచి, గుమ్మానికి అడ్డంగా ఉన్న మిషనును పక్కకు జరిపి, లోపలికి దారి ఇచ్చాడు. కెప్టెన్ సాబ్ బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. తెల్లవారి స్మశానం దాకా పాడె మోసినవాళ్లలో ఆయన ఒకడు.

తర్వాత నేను డాక్టరు గారిని విడిగా అడిగాను. మీరు అక్కడే ఉండి ఉంటే? ఎవరైనా నడిపిస్తూ ఉండి ఉంటే? ఆయన చాలా నిజాయితీ గల మనిషి. "చెప్పలేనండి" అన్నారు. "గుండెలో ముందే ఏదో ఉండి ఉండొచ్చు. బతికేవాడని అనలేను. కానీ అంత దూరం పరుగెత్తి ఒక్కసారిగా కూర్చుంటే రక్తం కాళ్లలోనే ఉండిపోతుందండి. నడిపించాలి. నడిపిస్తూ ముఖం చూస్తూ ఉండాలి. ఏం చేస్తే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏం చెయ్యలేదో మాత్రం తెలుసు."

కొన్ని ముక్కుసూటి మాటలు

ఆ తర్వాత చాలా పరుగులు నడిపాను. నీళ్ల విషయంలో నా తర్వాతి తరం ఇంకో చివరకు వెళ్లిపోయింది. ఒక పందెంలో నెమ్మదిగా పరుగెత్తే ఒకావిడ, దాహం లేకపోయినా దారిలో నీళ్లు పెట్టిన ప్రతి బల్ల దగ్గరా కడుపునిండా తాగుతూ వచ్చింది. గీత దాటాక తలనొప్పి, వాంతులు, పొంతన లేని మాటలు. నీళ్లు తక్కువై ఇలా ఉందని మావాళ్లు ఇంకా తాగించబోయారు. డాక్టర్లు ఆపారు కాబట్టి బతికింది. నీళ్లు ఎక్కువై ఒంట్లో ఉప్పు పలచబడిందట. నేను ఇన్నేళ్లు నీళ్లు ఇవ్వండి ఇవ్వండి అని అరిచినవాణ్ణి. అందుకే ఇప్పుడు చెప్పేది ఇంతే: దాహమైతే తాగనివ్వండి, బలవంతంగా తాగించకండి.

రిలేలో కట్టె అందుకునేవాడు కట్టె వైపు చూస్తాడు. చూడాల్సింది ముఖం. మీ స్నేహితుడు మిమ్మల్ని గుర్తుపట్టాడా, పేరు పెట్టి పిలిస్తే పలికాడా? లేకపోతే కట్టె కింద పడేసి అతన్ని పట్టుకోండి. జట్టు ఓడిపోతుంది. ఓడిపోనివ్వండి.

పరుగెత్తే పిల్లలకు: జ్వరం వచ్చి తగ్గిన వారంలో గీత మీదికి రాకండి, డబ్బు కట్టేశామని అసలే రాకండి. ఛాతీలో పట్టేసినట్టుంటే అది గ్యాస్ అని మీకు మీరే చెప్పుకోకండి. నంబరు చీటీ వెనుక ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయండి. చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు, నాకు చూస్తేనే భయం వేస్తుంది.

నిర్వాహకులకు: గీత దగ్గరి డాక్టర్ని ఎంత పెద్ద కబురొచ్చినా కదల్చకండి. దారిలోకి వేరే డాక్టరు, వేరే బండి ఉండాలి. అంబులెన్స్ వెళ్లే దారిని మీ బారికేడ్లతో మీరే మూసేయకండి. బహుమతులు తర్వాత ఇచ్చుకోవచ్చు, ఉపన్యాసాలు లేకపోయినా ఎవరూ ఏడవరు.

మరుసటి ఏడాది

సాయన్న బతికాడు. చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. తర్వాత గనిలో పనికి వెళ్లాడు కానీ ఎండ పడేది కాదు. మళ్లీ పరుగెత్తలేదు. మాదాపూర్‌లో నేను కనిపించినప్పుడల్లా బాలమణి ముభావంగా పలకరించేది. కెప్టెన్ సాబ్ పేరెత్తితే ముఖం తిప్పుకునేది. ఆమె క్షమించలేదు, ఆయన క్షమించమని అడగనూ లేదు. రాజయ్య ఒక్కసారి కూడా మైదానానికి రాలేదు.

పందెం ఇక ఉండదనుకున్నాం. కెప్టెన్ సాబ్ పెట్టాడు. ఈసారి చలికాలంలో. కొండాపూర్‌లో, మాదాపూర్‌లో, బాట పొడవునా నీళ్ల కుండలు. ఇద్దరు డాక్టర్లు. మళ్లీ ఒక అతిథిని పిలిచారు, ఆయన మళ్లీ ఆలస్యం. కెప్టెన్ సాబ్ గడియారం చూసుకుని, జెండా తానే ఊపేశాడు. అతిథి వచ్చేసరికి స్టేషను ముందు ఎవరూ లేరు.

గీత అవతల ఆయన ఒక కొత్త పని పెట్టాడు. పరుగెత్తి వచ్చే ప్రతి ఒక్కడికీ ఒక మనిషి. గీత దాటగానే ఆ మనిషి భుజం కింద చెయ్యి వేసి, పేరు అడుగుతూ, ఇంటి సంగతులు అడుగుతూ, మైదానం చుట్టూ నడిపించాలి. కుర్చీలన్నీ తీయించేశాడు. జనం విచిత్రంగా చూశారు. ఒకతను "ఏంది సాబ్, దూడల లెక్క తిప్పుతున్రు?" అని వేళాకోళం చేశాడు.

ఆ రోజు నేను మాదాపూర్‌లో పని ముగించుకుని బోరబండ చేరేసరికి పందెం అయిపోయింది. మైదానం నిండా జంటలు జంటలుగా మనుషులు నడుస్తున్నారు. కెప్టెన్ సాబ్ గీతకు వీపు పెట్టి, నడిచేవాళ్ల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క ముఖమే చూస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు గెలిచిన్రు సాబ్?" అని అడిగాను.

ఆయన నా వైపు తిరగలేదు.

"నాకేమెరుక మాస్టర్" అన్నాడు. "అందరు నడుస్తున్రు."